బెంజ్ సర్కిల్‌లో తూము

మొన్నామధ్య నేను కూచిపూడి వెళ్ళొచ్చాను. అబ్బే, డాన్సు చూడ్డానికి కాదండీ, దొంగను పట్టుకోడానికి. పట్టుకున్నాను కూడా! కాకపోతే ఆ దొంగ ఎవరో తెలిశాక, పక్కనే ఉన్న పంట కాలువలోకి దూకేద్దామా అనిపించింది. అప్పుడే నవ్వకండి. ముందు ఆ టీ ఇలా ఇవ్వండి, మొదట్నుంచీ చెప్తాను.

నా సంగతి మీకు తెలియనిది కాదు. మందుల షాపులో ఎక్స్‌పైరీ డేటు నేను చదివి, షాపతనితో చదివించి, ఇంటికొచ్చి మా ఆయనతో ఇంకోసారి చదివిస్తాను. ఆయన నన్ను అనుమానప్పక్షి అంటారు. అసలు ఆ మాట ఎందుకన్నారా అని దాని మీద కూడా ఓ రోజంతా అనుమానపడ్డాను.

దానికి తోడు నా ఉద్యోగమూ అలాంటిదే. మా ఆఫీసు బెంజ్ సర్కిల్ పక్క సందులో, స్వీట్ షాపు పైన. మ్యాపులు చేస్తాం. ఈసారి వచ్చిన పని డెల్టాలో తూములు. కాలువలోంచి పొలాల్లోకి నీళ్ళు వదిలే తూములు ఎక్కడెక్కడున్నాయి, ఏది బాగుంది, ఏది కారిపోతోంది, అన్నీ మ్యాపులోకి ఎక్కించాలి. కాలువగట్ల వెంట తిరిగి, ఒక్కో తూము దగ్గరా ట్యాబ్‌లో పాయింటు పెట్టి, ఫారం నింపి, ఫోటో తీసేది స్టెల్లా. ఏసీలో కూర్చుని ఆ పాయింట్లు నిజమా కాదా అని చూసేది నేను. అంటే జీతమిచ్చి మరీ నన్ను అనుమానించమంటున్నారు. ఇంక మానుకోమంటే ఎలా మానుకుంటాను చెప్పండి?

స్టెల్లా చల్లపల్లి అమ్మాయి. స్కూటీ మీద తిరుగుతుంది. చెల్లెలి నర్సింగ్ చదువంతా ఈ పిల్ల ఉద్యోగం మీదే నడుస్తోంది. ఎండలో తిరిగి వచ్చినా మొహం మీద విసుగుండదు. మాట్లాడ్డం కూడా తక్కువే. తక్కువ మాట్లాడేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ డౌటే!

సరే, సర్వే సగంలో ఉండగా పని ఇచ్చినవాళ్ళు కొత్త కోరికలు కోరారు. ఫారంలో 'బాగుంది, బాగోలేదు' అని ఉంటే చాలదట. షట్టర్ ఉందా, తిప్పే చక్రం తిరుగుతోందా, తూము ఎవరు చూసుకుంటున్నారు, ఇవన్నీ కావాలట. నేను వెంటనే ప్రాజెక్టు తెరిచి మార్చబోయాను. మా బాస్ మూర్తి గారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు.

"పద్మజ గారూ, ఆగండాగండి! నడుస్తున్న సర్వేలో చెయ్యి పెట్టకండి. అవతల స్టెల్లా అదే ప్రాజెక్టులో పాయింట్లు పెడుతోంది. ఒక్క కాలమ్ అటూ ఇటూ అయితే ఇన్నాళ్ళ కష్టం ఎగిరిపోతుంది. డూప్లికేట్ చేసుకోండి. దాన్లో మీ ఇష్టం వచ్చినట్టు మార్చి, టెస్ట్ చేసి, అంతా బాగుంటే అప్పుడు స్టెల్లాని దాన్లోకి తెద్దాం."

మంచి పద్ధతే కదా! పట్టుచీర జాకెట్టు గుడ్డకి కత్తెర పెట్టేముందు పాత గుడ్డ మీద కత్తిరించి చూసుకోవడం లాంటిది. అప్పటిదాకా వచ్చిన పాయింట్లతో సహా ప్రాజెక్టు మొత్తం కాపీ అయిపోయింది. పేరు 'కృష్ణా డెల్టా తూముల సర్వే', పక్కన 'డూప్లికేట్' అని పెట్టాను. కొత్త ప్రశ్నలు చేర్చాను. ఫారం పనిచేస్తోందో లేదో చూడాలి కదా, కుర్చీలోంచి కదలకుండా ఆఫీసు ట్యాబ్‌లో నాలుగు ఉత్తుత్తి పాయింట్లు కొట్టాను. ఫోటో లేకపోతే ఫారం ముందుకి పోదు కాబట్టి ఎదురుగా కనిపించినదేదో ఫోటో తీశాను. ఆఫీసు లాగిన్ అందరికీ ఒకటే, కనక పాయింటు ఎవరు పెట్టారో అందులో తెలియదు. లాప్‌టాప్ మూసేసి, ఆ సాయంత్రమే తెనాలి బస్సెక్కాను. మా ఆడపడుచు కొత్తింట్లో గృహప్రవేశం. ఆ హడావిడిలో ఆఫీసు మాటే మర్చిపోయాను.

ఇక్కడిదాకా నా తప్పేమన్నా ఉందా? లేదు. అసలు కథ తెనాలి నుంచి వచ్చాక.

తిరిగొచ్చి లాప్‌టాప్ తెరిచాను. అదేమో చివరిసారి ఎక్కడ ఆపానో అక్కడే తెరుచుకుంటుంది. పైన పేరు చూశాను. 'కృష్ణా డెల్టా తూముల సర్వే', ఆ తర్వాత మూడు చుక్కలు. లాప్‌టాప్‌లో పేరుకిచ్చిన గడి చిన్నదై మిగతా పేరు చుక్కల్లోకి పోయింది. ఆ చుక్కల వెనక నా కొంప ముంచే మాట దాక్కుని ఉందని నాకేం తెలుసు?

మ్యాపు చూస్తే స్టెల్లా పాయింట్లు నేను వెళ్ళిన రోజు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. ఒక్క కొత్త తూము లేదు! రిఫ్రెష్ కొట్టాను. లేదు. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టాను. లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"స్టెల్లా, ఎక్కడున్నావ్?"

"కూచిపూడి దగ్గరున్నానండీ మేడమ్. కాలువగట్టు మీద."

వెనకాల నుంచి తాళం చప్పుడు, 'తై తై' అంటూ పిల్లల గజ్జెలు వినిపిస్తున్నాయి. కాలువగట్టు మీద గజ్జెలేమిటండీ?

"తూములు బాగా అవుతున్నాయా?" అన్నాను తియ్యగా.

"బాగానే అవుతున్నాయండీ. అన్నీ సింక్ కూడా చేసేశాను. చూశారా?"

ఎంత ధైర్యం! ఇక్కడ నా కళ్ళ ముందు మ్యాపులో కొత్త చుక్క ఒక్కటీ లేకపోతే, అన్నీ సింక్ చేసి ఆఫీసుకి పంపేశానంటుంది. డాన్సు క్లాసు బయట నీడలో కూర్చుని కాలక్షేపం చేస్తోందని అప్పుడే డిసైడైపోయాను.

అంతలో ఇంకోటి కనిపించింది. మ్యాపుని దూరం జరిపి చూస్తే, డెల్టాలో ఎక్కడో కాదు, విజయవాడ నడిబొడ్డున, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద నాలుగు పాయింట్లు! నొక్కి చూశాను. తూము పేరు 'అఅఅ'. షట్టర్: ఉంది. చక్రం: తిరుగుతుంది. చూసుకునేవారు: 'ఎవరో ఒకరు'.

నా రక్తం మరిగిపోయింది. ఫ్లైఓవర్ కింద తూమా? బస్సులకూ ఆటోలకూ నీళ్ళు పెడతారా? ఊళ్ళోకి పోకుండా బెంజ్ సర్కిల్‌లో జ్యూసు తాగుతూ దొంగ పాయింట్లు కొట్టిందన్నమాట! ఫోటో నొక్కి చూద్దామన్న ఆలోచనే రాలేదు. కోపంలో ఉన్నప్పుడు నాకు సాక్ష్యాలు ఎక్కువైతే చిరాకు.

విసవిసా మూర్తి గారి గదిలోకి వెళ్ళాను. మొత్తం విని ఆయన తల పట్టుకున్నారు.

"ఆ అమ్మాయి అలా చేస్తుందంటారా? ఈ నెలాఖరుకి తన కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. పొడిగించాలా వద్దా అని నేనే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నాను. మీరెలా చెప్తే అలా చేస్తాను. కానీ పద్మజ గారూ, మీరు సరైన ప్రాజెక్టే చూస్తున్నారా?"

నేను సరైన ప్రాజెక్టు చూస్తున్నానా? నన్ను అనుమానిస్తారా! "రేపు నేనే వెళ్ళి రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుంటానండీ," అని వచ్చేశాను. వస్తూ వస్తూ, కొత్త ఫారం కూడా పనిలో పనిగా చూసుకోవచ్చని ఆఫీసులో ఉన్న రెండో ట్యాబ్ బ్యాగులో పడేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. స్టెల్లా ఎక్కడైనా చూసి గుర్తుపడుతుందేమోనని మొహానికి మాస్కు, దాని మీద నల్ల కళ్ళద్దాలు, తల చుట్టూ చున్నీ. ఉయ్యూరు దగ్గర పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, తన చేతిసంచీ ఒళ్ళోంచి తీసి అటు పక్కన పెట్టుకుంది. పామర్రు వచ్చేసరికి తనే వేరే సీట్లోకి వెళ్ళిపోయింది. ఈ రోజుల్లో జనానికి మరీ అనుమానం ఎక్కువైపోయిందనుకున్నాను.

కూచిపూడిలో దిగి ఆటో మాట్లాడుకుని కాలువ దాకా వెళ్ళాను. నాట్లు పడుతున్నాయి, ఎటు చూసినా బురద. గట్టు మీద ఒక తూము కనిపించింది. ట్యాబ్ తెరిచి మ్యాపులో చూశాను. ఈ తూముకి పాయింటు లేదు! దొరికావు స్టెల్లా, అనుకుని చంకలు గుద్దుకున్నాను. వంగి ఫోటో తీస్తుంటే వెనక నుంచి పిలుపు.

"ఎవరమ్మా మీరు?"

పొలం గట్టు మీద ఒక పెద్దాయన, ఆయన వెనకే కొంగు నడుముకి దోపుకుని ఆయన భార్య. ఆయన పేరు రంగారావు గారు, ఆవిడ వెంకాయమ్మ గారు. నాకు తర్వాత తెలిసింది లెండి. చాలాసేపు కలిసే ఉన్నాం కాబట్టి అన్నీ తెలిశాయి.

"సర్వే అండీ, తూముల సర్వే."

"ఈ తూము మొన్ననే అయిపోయిందే! స్కూటీ మీద ఒకమ్మాయి వచ్చి రాసుకుని వెళ్ళింది. బురదలో దిగి మరీ చూసింది పాపం."

ఓహో, ఊళ్ళోవాళ్ళకి కూడా నేర్పించి పెట్టింది! "ఏదీ, చేసినట్టు ఇందులో లేదే," అని ట్యాబ్ ఆయనకి చూపించాను. ట్యాబ్‌లో పేరుకిచ్చిన గడి పెద్దది. పేరు మొత్తం పడుతుంది. రంగారావు గారు కళ్ళజోడు సర్దుకుని, కూడబలుక్కుని పైకి చదివారు.

"కృష్ణా డెల్టా... తూముల సర్వే... డూ... డూప్లికేట్."

ఆగి నా మొహం చూశారు. అంటే, నా మాస్కు చూశారు.

"ఏమ్మా, ఇది డూప్లికేటా?"

చూడండీ, నాకు లైటు వెలగాల్సింది సరిగ్గా అక్కడే. వెలగలేదు. బుర్ర నిండా స్టెల్లాయే ఉంటే లైటుకి చోటెక్కడిది?

"ఆఁ, డూప్లికేటేనండీ!" అన్నాను గర్వంగా. తెలియనివాళ్ళకి విడమరిచి చెప్పడం మన బాధ్యత కదా! "ఒరిజినల్‌లో చెయ్యి పెడితే ప్రమాదం. అందుకని ముందు డూప్లికేట్ తయారు చేస్తాం. పెద్ద పెద్ద మార్పులన్నీ ఎవరికీ ఇబ్బంది లేకుండా ఇందులోనే చేసేస్తాం. అంతా కుదిరాక అందర్నీ మెల్లగా దీన్లోకి మార్చేస్తాం."

"మరి ఒరిజినల్?" వెంకాయమ్మ గారు అడిగారు.

"దాన్ని పక్కన పడేస్తామండీ."

మొగుడూ పెళ్ళాలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"విన్నావా?" అన్నారు రంగారావు గారు. "పోయినేడు డూప్లికేట్ విత్తనాలు అంటగట్టాడొకడు. మొన్న డూప్లికేట్ పురుగుమందు. ఇప్పుడు సర్వేలో కూడా డూప్లికేట్ దిగిందన్నమాట! ఎవరికీ తెలియకుండా మార్చేస్తారంట."

"తెలియకుండా అనలేదండీ, ఇబ్బంది లేకుండా అన్నాను..."

"మీకిబ్బంది లేకుండానేలెండి," అన్నారు వెంకాయమ్మ గారు. "రండమ్మా, ఎండలో ఎందుకూ? అలా పాలకేంద్రం అరుగు మీద కూర్చుందురుగాని. మజ్జిగ తాగుదురుగాని."

కృష్ణా జిల్లా మర్యాద అంటే ఏమిటో నాకు ఆ రోజు పూర్తిగా అర్థమైంది. నన్ను ఒక్క మాట అనలేదు. ప్లాస్టిక్ కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, ఫ్యాను నా వైపు తిప్పారు. నా ట్యాబ్, నా ఫోన్ మాత్రం 'ఎండకి పాడైపోతాయమ్మా' అని వెంకాయమ్మ గారు ఒళ్ళో పెట్టుకున్నారు. నేను లేస్తే రంగారావు గారు లేస్తున్నారు. నేను కూర్చుంటే ఆయనా కూర్చుంటున్నారు.

"నేను వెళ్ళొస్తానండీ."

"ఎక్కడికమ్మా, వీఆర్వో గారికి కబురు పెట్టాం. వచ్చాక చూసి వెళ్దురుగాని. ఇంకో గ్లాసు పుచ్చుకోండి."

ఐడీ కార్డు తీసి ఇచ్చాను. ఫోటో నేను ఉద్యోగంలో చేరినప్పటిది. మాస్కు తీసి పక్కన మొహం పెట్టి చూపించాను. వెంకాయమ్మ గారు కార్డునీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఈ అమ్మాయి సన్నగా ఉందే. ఇది కూడా డూప్లికేటేనా?" అన్నారు. ఈ దెబ్బ మాత్రం గట్టిగా తగిలింది.

మూర్తి గారికి ఫోన్ చేయించాను. స్పీకర్ పెట్టి చేశారు. ఎత్తలేదు. మీటింగ్‌లో ఉండి ఉంటారన్నాను. "ఎందుకు ఎత్తుతాడు?" అన్నట్టు చూశారు. నాకు నిజంగా భయం వేసింది. జీవితమంతా ఇంకోళ్ళని అలా చూడ్డమే గాని, ఎదుటివాళ్ళు నన్ను అలా చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఏం చెప్పినా అబద్ధంలాగే ఉంటుందండీ! నా పేరు పద్మజ అని చెప్తుంటే నాకే నమ్మకం కలగలేదు.

చివరికి రంగారావు గారే అన్నారు. "అసలు సర్వే అమ్మాయి నంబరిచ్చింది కదా, పిలుద్దాం. వీళ్ళ సంగతి ఆ పిల్లకే తెలుస్తుంది."

అంటే నన్ను విడిపించడానికి ఎవరొస్తున్నారో చూడండి.

స్కూటీ వచ్చి ఆగింది. స్టెల్లా మోకాళ్ళ దాకా బురద. చేతికి కూడా బురదే. డాన్సు క్లాసులో ఇంత బురద ఎక్కడుంటుందా అని నాకు మొదటి అనుమానం అప్పుడొచ్చింది, అంటే నా మీద నాకు.

"అమ్మాయ్, ఈవిడ నీకు తెలుసా?" అని అడిగారు రంగారావు గారు.

స్టెల్లా నన్ను చూసింది. చున్నీ చూసింది, నల్ల కళ్ళద్దాలు చూసింది. తెలియదంటే అయిపోయాను!

"మా మేడమ్ గారేనండీ," అంది. "ఒరిజినలే."

అప్పుడైనా ఊరుకోవాలా? ఊరుకుంటే నేనెందుకవుతాను? విడుదలైన ధైర్యంతో, అంతమంది ముందూ అడిగేశాను. "అయితే స్టెల్లా, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద తూములేమిటి? 'అఅఅ' ఏమిటి?"

"బెంజ్ సర్కిల్‌లోనా? నేను విజయవాడ వచ్చి చాలా రోజులైందండీ." తన ట్యాబ్ తీసి చూపించింది. కాలువ పొడవునా కూచిపూడి దాకా చుక్కలే చుక్కలు. ఒక్క తూము వదల్లేదు. ఒక తూమైతే డాన్సు బడి వెనకే ఉంది. బెంజ్ సర్కిల్‌లో మాత్రం ఏమీ లేదు. పైన పేరు చూశాను. కృష్ణా డెల్టా తూముల సర్వే. అంతే. పక్కన ఇంకేమీ లేదు.

లాప్‌టాప్‌లో పేరు పక్కనున్న మూడు చుక్కలు అప్పుడు గుర్తొచ్చాయి.

అంతలో వెంకాయమ్మ గారు నా ట్యాబ్‌లో బెంజ్ సర్కిల్ పాయింటు నొక్కేశారు. ఫోటో తెరుచుకుంది. ఆవిడ రెండు వేళ్ళతో పెద్దది చేశారు.

"ఇదేం తూమమ్మా? స్టీలు క్యారేజీలా ఉందే!"

నా క్యారేజీయే. మా అమ్మ పెళ్ళికి ఇచ్చిన క్యారేజీ. కాయితం మీద పేరైతే చెరిపేయొచ్చు గాని, స్టీలు గిన్నెల మీద మన అమ్మలు చెక్కించిన పేరు ఏం చేసినా పోదు కదా! మూత మీద అక్షరాలు తళతళా మెరుస్తున్నాయి. వెంకాయమ్మ గారు తీరిగ్గా చదివారు.

"చి.ల.సౌ. పద్మజ."

ఆ సమయంలోనే, ఇంకే సమయమూ దొరకనట్టు, ఆవిడ ఒళ్ళో నా ఫోన్ మోగింది. మూర్తి గారు. ఆవిడ ఎత్తి స్పీకర్ నొక్కారు.

"పద్మజ గారూ, దొరికిందా స్టెల్లా? దొంగ పాయింట్లేనా? కాంట్రాక్టు ఆపేయమని రాసేయనా?"

స్టెల్లా తల వంచుకుంది. చేతికున్న బురద ఎండి రాలుతోంది. దాన్నే చూస్తూ నిలబడింది. నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనైంది. నా ఒక్క 'ఊఁ'తో వాళ్ళింట్లో ఒక చదువు ఆగిపోయేది.

"రాయకండి మూర్తి గారూ!" గట్టిగా అరిచాను. "దొంగ దొరికింది. నేనే! నేను డూప్లికేట్ చూస్తున్నాను. దొంగ పాయింట్లూ నావే. స్టెల్లా పని మొత్తం ఒరిజినల్‌లో భద్రంగా ఉంది. రెన్యువల్ చేయండి, నేను చెప్పానని రాయండి."

అవతల నుంచి మూర్తి గారు అడిగారు. "ఇది మాట్లాడేది పద్మజ గారేనా?"

"ఆవిడేనండీ," అన్నారు రంగారావు గారు ఫోన్ దగ్గరకి వంగి. "మేం చెక్ చేశాం."

తిరుగు ప్రయాణంలో స్టెల్లాయే పామర్రు దాకా స్కూటీ మీద దింపింది. క్షమించు స్టెల్లా అన్నాను. స్టెల్లా స్కూటీ స్పీడు పెంచింది. నేను బస్సెక్కే ముందు మాత్రం, "నిన్ననే సింక్ అయిందని చెప్పానండీ మేడమ్," అంది. అంతే. అదే నాలుగు తిట్లు తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

మ్యాపుకేం కాలేదు లెండి. కొత్త ఫారం టెస్ట్ చేసి, నా క్యారేజీలన్నీ తీసేసి, ఈలోగా ఒరిజినల్‌లో పడ్డ పాయింట్లు కూడా చేర్చి, స్టెల్లా పక్కన కూర్చుని చూస్తుండగా అందర్నీ దాన్లోకి మార్చాం. పేరులోంచి 'డూప్లికేట్' అన్న మాట కూడా పీకేశాను.

నిన్న స్టెల్లా మళ్ళీ ఆఫీసుకొచ్చింది. రెన్యువల్ కాగితం నా చేత్తోనే ఇచ్చాను, నవ్వుతూ, మర్యాదగా. తీసుకుంది. థాంక్స్ చెప్తుందనుకున్నాను. కిటికీ దగ్గరకెళ్ళి, కాగితం వెలుతురుకి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, కళ్ళు చికిలించి నా వైపు తిరిగింది.

"ఇది ఒరిజినలేనా మేడమ్?"

ఆ చూపు నాకు బాగా తెలుసండీ. మా ఇంటి అద్దంలో రోజూ కనిపించేదే. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క తప్పు లేకుండా నేను చేసిన డూప్లికేట్ అదొక్కటే!